నిర్మాతగారి మెమో పురాణం

నిర్మాత అంటే చెక్కు మీద సంతకం పెట్టి, వేదిక మీద శాలువా కప్పించుకునే పెద్దమనిషని మనలో ఒక అపోహ పాతుకుపోయింది. ఇది పోవాలంటే హాలీవుడ్ నిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్ జీవితాన్ని పాఠ్యాంశంగా పెట్టాలని ప్రభుత్వానికి మనవి.

ముందు ఆ 'ఓ' సంగతి. కన్నవాళ్లు పెట్టింది కాదు, పేరు మధ్యలో బోసిగా ఉందని తనే తగిలించుకున్నాడు. న్యూమరాలజిస్టుకి ఫీజు కట్టి అక్షరాలు పెంచుకునే మన సినిమావాళ్లు గమనించాలి, పైసా ఖర్చవలేదు. తండ్రి మూకీల కాలపు నిర్మాత, 1923లో దివాలా తీశాడు. అది చూసి కొడుకు పొదుపైతే నేర్చుకోలేదు గానీ, 1930లో ఎంజీఎం స్టూడియో పెద్ద లూయీ బి. మేయర్ కూతుర్ని పెళ్లాడాడు. 1933లో మామగారి స్టూడియోలో చేరితే ఊరంతా జోకులే. 1935లో సొంత కంపెనీ పెట్టాడు.

ఇక పనితనం. 'డైరెక్టర్ మీద నమ్మకంతో కథ కూడా వినలేదండీ' అని మైకులో చెప్పుకునే నిర్మాతల జాతి కాదు ఇతనిది. ఎవరినీ నమ్మని జాతి. డైరెక్టర్‌కి, రైటర్‌కి, కెమెరామన్‌కి, కాస్ట్యూమ్స్ వాళ్లకి పేజీలకు పేజీలు మెమోలు. పోయాక అందులో కొన్ని ఏరితేనే లావుపాటి పుస్తకమైంది.

1936లో 50 వేల డాలర్లకు 'గాన్ విత్ ది విండ్' నవల హక్కులు కొన్నాడు. హీరోయిన్ కోసం దేశమంతా గాలించి, దొరక్కపోయినా 1938 డిసెంబరులో పాత సెట్లు తగలబెట్టి కథలోని అట్లాంటా నగర దహనం సీను తీసేశాడు. ముందు మంటలు, తర్వాత హీరోయిన్. చివరికి హీరోయిన్ అయిన వివియన్ లీని సెల్జ్‌నిక్ అన్నగారు ఆ రాత్రే తీసుకొచ్చి చూపించాడంటారు.

షూటింగ్ మొదలైన కొన్ని వారాలకే డైరెక్టర్ జార్జ్ కూకర్‌ని తప్పించాడు. కొత్తగా వచ్చిన విక్టర్ ఫ్లెమింగ్‌కి స్క్రిప్టు నచ్చలేదు. షూటింగ్ ఆపి బెన్ హెక్ట్ అనే రచయితను పట్టుకొచ్చారు. ఆయన నవల చదవలేదు. పర్వాలేదు, ప్రొడ్యూసరూ డైరెక్టరూ పాత్రలు పంచుకుని సీన్లు నటించి చూపించారు. మగాళ్లిద్దరూ ప్రేమ సన్నివేశాలతో సహా! కడుపు నిండితే బుర్ర పనిచేయదని అరటిపళ్లు, వేరుశనగలు మాత్రమే పెట్టాడని హెక్ట్ తర్వాత రాసుకున్నాడు. నాలుగో రోజు ఫ్లెమింగ్ కంట్లో రక్తనాళం చిట్లిందట. మన దగ్గర స్టోరీ సిట్టింగ్స్‌కి బిర్యానీ తెప్పించే నిర్మాతలు కళకు ఎంత అపచారం చేస్తున్నారో ఇప్పటికైనా ఆలోచించాలి.

ఇంత చేసి లెక్కల దగ్గర మాత్రం అల్లుడు అల్లుడే. హీరో క్లార్క్ గేబుల్‌నీ, పన్నెండున్నర లక్షల డాలర్లనూ ఇచ్చి, పంపిణీ హక్కులతో పాటు సగం లాభం రాయించుకుంది మామగారి ఎంజీఎం. మిగిలిన వాటానైనా ఉంచుకున్నాడా? 1940ల మొదట్లో ఆదాయపు పన్ను బెడద తప్పించుకోవడానికి కంపెనీ మూసేసి, ఆ వాటాను భాగస్వామి జాక్ విట్నీకి అమ్మేశాడు. అది అటు తిరిగి ఇటు తిరిగి ఎంజీఎంకే చేరింది. జడపిన్ను దాకా పట్టించుకునే మనిషి బంగారు బాతును అమ్మేశాడని లోకులు నవ్వారు. లోకులకేం తెలుసు, బాతు మీద మెమో రాయడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాత మొదటి భార్య దూరమైంది. 1949లో నటి జెన్నిఫర్ జోన్స్‌ని పెళ్లాడాడు. ఆమె వేరే నిర్మాతల సినిమాల్లో నటిస్తున్నా ఆ డైరెక్టర్లకూ మెమోలు వెళ్లాయి. డబ్బు తనది కాదు, సినిమా తనది కాదు, అడిగినవాళ్లూ లేరు. ఇంతటి నిస్వార్థ సేవకు ఏ అవార్డూ ఇవ్వకపోవడం హాలీవుడ్ చేసిన ఘోరం.