కంటోన్మెంట్ రోడ్ల గొడవలో సైకిల్ ఊసేది?

సైనిక స్థావరమైన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం రోడ్లు మూయడం మీద పదేళ్లకు పైగా గొడవ నడుస్తోంది. కేంద్రానికి మంత్రుల ఉత్తరాలు వెళ్లాయి, కాలనీ సంఘాలు ధర్నాలు చేశాయి, విషయం కోర్టు దాకా పోయింది, అసెంబ్లీ కూడా వేడెక్కింది. ఇంత జరిగినా చర్చంతా బండ్ల చుట్టూనే తిరిగింది. గేటు మూస్తే కార్లు, బైకులు ఎంత దూరం చుట్టి పోవాలి, ఏ చౌరస్తాలో ట్రాఫిక్ ఎంత పెరుగుతుంది అన్నదే లెక్క. అవే రోడ్ల మీద రోజూ సైకిల్ తొక్కేవాళ్ల సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు. భద్రత కోసం సైన్యం ఒక రోడ్డును బండ్లకు మూయాల్సి వస్తే మూయనివ్వండి. కానీ సైకిల్‌కూ, నడిచిపోయేవాళ్లకూ ఆ నియమాన్నే వర్తింపజేయడం అన్యాయం. వాళ్లకు వేరే నియమం ఉండాలి, అది గేటు దగ్గర రాసిపెట్టి ఉండాలి.

మ్యాప్ చూస్తే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. పారడైజ్ దాటాక మొదలయ్యే కంటోన్మెంట్ బొల్లారం దాకా దాదాపు 40 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. తూర్పున మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, యాప్రాల్. పడమటి వైపు బోయిన్‌పల్లి, సుచిత్ర మీదుగా మేడ్చల్ పోయే జాతీయ రహదారి. నడుమ తిరుమలగిరి, అల్వాల్ మీదుగా కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి. సైన్యపు శిక్షణ కేంద్రాలైన ఏఓసీ సెంటర్, ఈఎంఈ సెంటర్, ఇంకా మిలిటరీ ఆసుపత్రి లాంటివన్నీ ఈ మధ్యలోనే ఉన్నాయి. తూర్పు కాలనీల నుంచి సికింద్రాబాద్ రావడానికి దగ్గరి దారులు సైనిక భూమి మీదుగానే పోతాయి. గాఫ్ రోడ్, వెల్లింగ్టన్ రోడ్, ఆర్డ్‌నెన్స్ రోడ్, అలహాబాద్ గేట్ రోడ్... ఈ పేర్లు అక్కడివాళ్లకు మూసివేతల వార్తల్లోనే ఎక్కువగా వినిపిస్తాయి.

సైకిల్ తొక్కేవాళ్లకు ఈ రోడ్లు ఇంతగా నచ్చడానికి కారణం ఉంది. ఇరువైపులా పెద్ద చెట్లు. రోడ్డు మీదికి పొడుచుకొచ్చే దుకాణాలుండవు. అడ్డంగా ఆగే ఆటోలుండవు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు తక్కువ. మిలిటరీ పోలీసులు చూస్తుంటారు కాబట్టి స్పీడు కూడా అదుపులో ఉంటుంది. హైదరాబాద్‌లో పిల్లాడికి సైకిల్ ఇచ్చి ధైర్యంగా పంపగలిగే రోడ్లు ఎన్ని ఉన్నాయో వెతికితే, వాటిలో చాలావరకు ఈ గేట్ల లోపలే కనిపిస్తాయి. సైన్యం పాటించే క్రమశిక్షణే ఈ రోడ్లను సైకిల్‌కు అనువుగా ఉంచింది. ఆ విషయంలో సైన్యానికి మనం రుణపడి ఉన్నాం. అందుకే ఈ వాదనను సైన్యం మీద ఫిర్యాదుగా చూడొద్దని కోరుతున్నాను.

గేటు మూసినప్పుడు ఏమవుతుందో చూడండి. కారులో ఉన్న మనిషికి నాలుగు కిలోమీటర్లు ఎక్కువైతే పావుగంట ఆలస్యం, కొంచెం పెట్రోలు, కాస్త విసుగు. సైకిల్ మీద ఉన్న మనిషికి ఆ నాలుగు కిలోమీటర్లు కాళ్ల మీద పడతాయి. అంతకంటే ముఖ్యం, అతను ఎటు మళ్లుతున్నాడన్నది. నీడ ఉన్న ప్రశాంతమైన రోడ్డు వదిలి, లారీలు, ఆర్టీసీ బస్సులు దూసుకుపోయే రాజీవ్ రహదారి అంచుకో, మల్కాజిగిరి వైపు ఇరుకు రోడ్లకో, రైల్వే అండర్‌బ్రిడ్జిల దగ్గర ఇరుక్కునే ట్రాఫిక్‌లోకో పోవాలి. కారుకు చుట్టుదారి అంటే సమయం పోవడమే. సైకిల్‌కు చుట్టుదారి అంటే ప్రాణాపాయం పెరగడం. ప్రత్యామ్నాయ రోడ్డు చూపించాం కదా అని అధికారులు అన్నప్పుడు, ఆ ప్రత్యామ్నాయం ఎవరికి అన్న ప్రశ్న అడగాలి.

టైమింగుల సమస్య ఇంకొకటి. చాలా ఏళ్లుగా కొన్ని గేట్లను రాత్రి మూసి ఉదయం తెరిచే పద్ధతి ఉంది. సైకిల్ ఎక్కువగా కదిలేది తెల్లవారుజామునే. వ్యాయామం కోసం తొక్కేవాళ్లు ఎండ ఎక్కకముందే ఇంటికి చేరాలనుకుంటారు. పాలు, పేపర్లు వేసేవాళ్లకు ఆరింటికల్లా సగం పని అయిపోవాలి. నైట్ డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు ఇళ్లకు మళ్లేదీ అప్పుడే. బండ్ల రద్దీని చూసి పెట్టిన టైమింగులు వీళ్లందరినీ గేటు బయట నిలబెడతాయి.

సైకిల్ అనగానే హెల్మెట్, రంగురంగుల జెర్సీ వేసుకుని లక్ష రూపాయల బండి తొక్కే ఐటీ ఉద్యోగిని ఊహించుకోవడం మనకు అలవాటైంది. వాళ్లూ ఉన్నారు, వాళ్ల హక్కూ హక్కే. అయితే కంటోన్మెంట్ చుట్టూ సైకిల్ మీద బతుకు వెళ్లదీసేవాళ్లు వేరే. క్వార్టర్లలో తోటపని, వంటపని చేసేవాళ్లు, మేస్త్రీల దగ్గర కూలికి పోయేవాళ్లు, చిన్నచిన్న సరుకులు ఇంటింటికీ చేర్చేవాళ్లు. 1798లో నిజాంతో ఒప్పందం తర్వాత బ్రిటిష్ సేన ఇక్కడ దిగి, 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసిన నాటి నుంచీ దండు పక్కనే బస్తీ పెరిగింది. లాల్ బజార్, రిసాలా బజార్, బొల్లారం బజార్ సైన్యానికి అవసరమై పుట్టినవే. 2011 లెక్కల ప్రకారం కంటోన్మెంట్ జనాభా రెండు లక్షలు దాటింది. ఈ జనం సైన్యం దారికి అడ్డొచ్చిన కొత్తవాళ్లు కారు.

ఇక భద్రత. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 2002 మే నెలలో జమ్మూ దగ్గరి కాలూచక్‌లో ఉగ్రవాదులు సైనికుల కుటుంబాలుండే క్వార్టర్లలోకి చొరబడి ఆడవాళ్లనూ పిల్లలనూ చంపారు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉరీ శిబిరం మీద దాడులు జరిగాయి. తన భార్యాపిల్లలుండే వీధిలో రోజూ వేలమంది అపరిచితులు తిరుగుతుంటే ఒక జవాన్ ఆందోళన పడటం సహజం. పైగా, సైకిల్ వల్ల ప్రమాదమేముంది అని హైదరాబాద్‌వాళ్లం అనలేం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన బాంబులను పెట్టింది సైకిళ్ల మీదే. ఆ సాయంత్రం ఈ నగరానికి ఇంకా గుర్తుంది.

సైకిల్‌ను నమ్మండి అని కాదు నేను అడిగేది. దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లను రద్దీ చోట నిలిపి వదిలేసి పోయారు. కాబట్టి జాగ్రత్త పడాల్సింది ఆగిన సైకిల్ దగ్గర, దాని మీది మూట దగ్గర. గేటులో గుర్తింపు చూపించి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, నిర్ణీత దారిలో అవతలి గేటుకు చేరే మనిషిని కనిపెట్టి ఉండటం కారును కనిపెట్టి ఉండటం కంటే తేలిక. సైకిల్‌కు నల్ల అద్దాలుండవు, డిక్కీ ఉండదు. గేటు కాపలా ఉండే సెంట్రీకి మనిషి ముఖం, చేతులు, క్యారియర్ మీదున్న సంచీ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఆగడం నిషేధం, ఫొటోలు నిషేధం, పెద్ద మూటలు నిషేధం అని పెడితే పాటించడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

చట్టం ఏమంటోంది? 2006 నాటి కంటోన్మెంట్ల చట్టంలో 258వ సెక్షన్ ఉంది. భద్రతా కారణాలుంటే తప్ప వీధిని శాశ్వతంగా మూయకూడదు. మూసేముందు బహిరంగ నోటీసు ఇవ్వాలి, ప్రజల అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాలి, పై అధికారుల అనుమతి ఉండాలి. దేశంలోని చాలా కంటోన్మెంట్లలో ఈ పద్ధతి పాటించకుండానే రోడ్లు మూశారన్న ఫిర్యాదులు వెల్లువెత్తాక, 2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ హయాంలో వాటిని తెరవాలని నిర్ణయించారు. సికింద్రాబాద్‌లో కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని మళ్లీ మూతపడ్డాయి. తర్వాత కోవిడ్ కారణంగా మరికొన్నిటికి తాళం పడింది. నా దృష్టిలో ఈ సెక్షన్‌ను కాగితం మీది తంతుగా చూడటమే అసలు తప్పు. అభ్యంతరాలు అడగడం అంటే, ఆ రోడ్డు వాడేవాళ్లు ఎవరెవరు, ఒక్కొక్కరికి మూసివేత వల్ల ఏమవుతుంది అని విడివిడిగా చూడటం. అలా చూసి ఉంటే పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం అన్న రెండే దారులు మిగిలేవి కావు.

రాష్ట్ర ప్రభుత్వాల తీరూ సరిగా లేదు. 2022 మార్చిలో అప్పటి మంత్రి కేటీఆర్ అసెంబ్లీలో, రోడ్లు మూస్తే సైన్యానికి కరెంటు, నీళ్లు ఆపేస్తామన్నారు. ఆయన కోపం వెనక లక్షల మంది ఇబ్బంది ఉంది, కాదనను. కానీ కరెంటు ఆపుతామనే ప్రభుత్వంతో ఏ సైనికాధికారి కూర్చుని సైకిల్ దారి గురించి మాట్లాడతాడు? ఆ పెంకితనం వల్ల చిన్న, సాధ్యమైన ఏర్పాట్లు కూడా చర్చకు రాకుండా పోయాయి.

వేరే దేశాల్లో ఇలాంటివి ఎలా నడుస్తున్నాయో చూడటం మంచిది. కాలిఫోర్నియాలో, శాన్ డియాగోకు ఉత్తరాన మెరైన్ దళాల స్థావరం క్యాంప్ పెండిల్టన్ ఉంది. లక్షా పాతిక వేల ఎకరాలు, 27 కిలోమీటర్ల సముద్ర తీరం. పసిఫిక్ తీరం వెంట సైకిల్ మీద పోయేవాళ్లకు ఓషన్‌సైడ్ దగ్గర ఈ స్థావరం అడ్డొస్తుంది. ఒకప్పుడు గుర్తింపు కార్డు చూపించి, హెల్మెట్ పెట్టుకుని ఉంటే గేటు దాటనిచ్చేవారు. తర్వాత నియమాలు బిగించారు. ముందే పేరు నమోదు చేయించుకోవాలి, నేపథ్యం పరిశీలిస్తారు, చూపించిన దారి తప్పకూడదు. అనుమతి లేనివాళ్లు కొంత దూరం ఐ-5 ఫ్రీవే అంచున తొక్కవచ్చు. వందకు పైగా వేగంతో పోయే బండ్ల పక్కన తొక్కడం నాకేమాత్రం మంచి ఏర్పాటుగా అనిపించదు. దాన్ని మనం తెచ్చుకోనక్కర్లేదు. అయితే యుద్ధాలకు సేనలను పంపే స్థావరం కూడా సైకిల్ కోసం విడిగా ఒక నియమం రాసుకుంది. మనం గమనించాల్సింది ఆ సంగతి.

ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ ప్లెయిన్‌లో నిజమైన తుపాకులు, ఫిరంగులు పేలతాయి. 1943లో ఇంబర్ అనే ఊరిని మొత్తం ఖాళీ చేయించిన చోటు అది. అయినా ఆ శిక్షణ ప్రాంతం చుట్టూ నడిచేవాళ్లకూ సైకిళ్లకూ దారులున్నాయి. కాల్పుల సమయాలు ముందే ప్రకటిస్తారు, ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి పోకూడదు. మన దేశంలో కూడా కోల్‌కతా మైదాన్ సైన్యం అధీనంలోని భూమే. ఫోర్ట్ విలియం పక్కన జనం రోజూ అక్కడ ఆటలాడుకుంటారు. సైన్యం భూమి అన్నంత మాత్రాన జనానికి నిషిద్ధం కానక్కర్లేదు.

ఇక్కడ చేయగలిగింది ఏమిటి? అడ్డంగా పెట్టిన బారికేడ్ పక్కన మీటరు వెడల్పు సందు వదిలితే సైకిల్, మనిషి పడతారు, కారు పట్టదు. తెల్లవారుజామున కొన్ని గంటలు ఏ గేటు నుంచి ఏ గేటు దాకా పోవచ్చో బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిష్‌లో రాయాలి. ఈ బోర్డు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దాని విలువ చాలా ఎక్కువ. ఒక సెంట్రీ పోనిచ్చిన చోట వారం తర్వాత ఇంకో సెంట్రీ ఆపడం సైకిల్ తొక్కేవాళ్లకు పెద్ద టెన్షన్. జవాన్‌కు కూడా రాతపూర్వకమైన ఆదేశం ఉంటే వాదన ఉండదు. విన్యాసాలు, వీఐపీల రాకపోకలు ఉన్న రోజు ముందే చెప్పి మూసుకోవచ్చు, ఎవరూ అభ్యంతరం పెట్టరు.

పాస్ పద్ధతి పెట్టాలంటే ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లిష్ యాప్‌లో దరఖాస్తు, రుసుము, పోలీస్ వెరిఫికేషన్ అంటే జెర్సీ వేసుకున్నవాళ్లకు పాస్ వస్తుంది, పాలబ్బాయికి రాదు. కంటోన్మెంట్ బోర్డు ఆఫీసులో ఆధార్ చూపిస్తే ఉచితంగా ఇచ్చే కార్డు చాలు.

ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది కదా, అక్కడికి పోవచ్చుగా అని కొందరంటారు. అది నగరానికి పడమర చివర ఉంది. యాప్రాల్ మనిషి అక్కడ తొక్కాలంటే సైకిల్‌ను కారు వెనక కట్టుకుని నగరమంతా దాటాలి. సైకిల్ మీద పనికి పోయేవాడికి అది దేనికీ అక్కరకు రాదు.

అవకాశం ఇప్పుడు చేతిలోనే ఉంది. 2024 మార్చిలో రాజీవ్ రహదారి మీదా, జాతీయ రహదారి మీదా ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ శాఖ భూములు ఇవ్వడానికి ఒప్పుకుంది, శంకుస్థాపనలూ జరిగాయి. బండ్లు పైకెక్కితే కింద రోడ్డు మీద చోటు మిగలాలి. ఆ చోటు పార్కింగ్‌కు పోకముందే, రెండు వైపులా అడ్డుకట్టతో విడదీసిన సైకిల్ దారిని డ్రాయింగుల్లో చేర్చమని కాలనీ సంఘాలు, సైకిల్ బృందాలు కలిసి అడగాలి. ఏఓసీ చుట్టూ వేయాలనుకుంటున్న ప్రత్యామ్నాయ రోడ్లకూ ఇదే షరతు పెట్టాలి. 258వ సెక్షన్ కింద మళ్లీ ఏ నోటీసు వచ్చినా, అభ్యంతరాల్లో మొదటి కాగితం సైకిల్ తొక్కేవాళ్లదై ఉండాలి.