రంగుకు చల్లని గది, సత్తువకు మండుటెండ

మా నాన్న మిర్చి వేసేవారు. అదే పొలంలో బోరు పక్కన మా అమ్మకు నాలుగు మడుల ఆకుకూరలు ఉండేవి. తోటకూర, గోంగూర, చుక్కకూర, కాస్త కొత్తిమీర. ధర పలకని ఏడు నాన్న మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, గుంటూరు తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో పెట్టేవారు. అమ్మ తెల్లవారకముందే కోసి కట్టలు కట్టిన తోటకూర మాత్రం పైన కప్పు లేని ఆటోలో, ఎండకు ఎండుతూ బజారుకు వెళ్లేది. అప్పటికే ఎండిపోయిన కాయకు చల్లని గది, ఇంకా ప్రాణమున్న ఆకుకు నడినెత్తి ఎండ. చిన్నప్పుడు ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే కోపం వస్తోంది.

మిర్చిని చల్లగా ఎందుకు దాస్తారని గుంటూరులో ఎవరిని అడిగినా చెబుతారు, రంగు పోకుండా అని. ఆ ఎరుపు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. వేడి, వెలుతురు, గాలి తగిలేకొద్దీ అవి విరిగిపోయి కాయ వెలిసిపోతుంది. ఎగుమతి చేసేవాళ్లు ఆ రంగును ఆస్టా అనే కొలతలో చూసి మరీ ధర కడతారు. కొలత ఉంది కాబట్టి ధర వచ్చింది, ధర ఉంది కాబట్టి చల్లని గది వచ్చింది. తోటకూరలో విటమిన్ సి ఎంత మిగిలిందో బజారులో కొలిచేవారు ఎవరూ లేరు. అందుకే దానికి కనీసం నీడ కూడా దక్కలేదు.

పోయిన వేసవిలో ఒక రైతుబజారుకు పగలు పదకొండు గంటలకు వెళ్లాను. ఆకుకూరల వాళ్లకు షెడ్డు లోపల చోటు లేదు. ప్రహరీ గోడ వెంబడి నేల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. ఒక పెద్దావిడ ప్లాస్టిక్ చెంబులో వేళ్లు ముంచి కట్టల మీద నీళ్లు చిలకరిస్తోంది. ఒక తోటకూర కట్ట చేతిలోకి తీసుకున్నాను. పైఆకులు తడితడిగా, చల్లగా, నిగనిగలాడుతున్నాయి. నార బిగించి కట్టిన చోట వేళ్లు లోపలికి పోనిచ్చి చూశాను. జ్వరమొచ్చిన పిల్లవాడి మెడ కింద చెయ్యి పెట్టినట్టు ఉంది.

“ఎప్పుడు కోశారు పెద్దమ్మా?”

“రాత్రి రెండింటికి లేచి కోశాం తల్లీ. పొద్దున ఎనిమిదింటిదాకా ఆకు దానంతట అదే నిలబడుతుంది. ఆ తర్వాత నీళ్లతో నిలబెట్టడమే.”

ఆమె చదివిన చదువు ఎంతో నాకు తెలియదు కానీ, ఉద్యానశాస్త్రంలో చెప్పేదీ ఇదే. కోసిన ఆకు చచ్చిపోదు, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేరు తెగిపోయింది కాబట్టి కొత్తగా వచ్చేదేమీ లేదు, దాచుకున్నదే ఖర్చు పెట్టుకుంటూ బతుకుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. బిగించిన కట్ట మధ్యలో ఆ ఊపిరి వేడి బయటికి పోయే దారి లేక ఎండ వేడికి తోడవుతుంది. నా వేళ్లకు తగిలింది అదే. నీళ్లు చల్లడాన్ని నేను తప్పుపట్టను. ఆకు వాడిపోతే విటమిన్ సి మరీ త్వరగా నశిస్తుంది కాబట్టి, శుభ్రమైన నీళ్లయితే తడి మేలే చేస్తుంది. అయితే చెంబెడు నీళ్లు ఆకును నిలబెట్టగలవు గానీ, కట్ట లోపలి వేడిని తీసేయలేవు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వాడిన ఆకుకూర దండగ అని నేను అనడం లేదు. సాయంత్రం ధర తగ్గాక కొనుక్కునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వాళ్లను భయపెట్టడం పాపం. ఆకులోని ఇనుము, కాల్షియం, పీచు ఎక్కడికీ పోవు. ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ కాస్త మొండిది, ఒక పూటలో కరిగిపోయేది కాదు. ముందుగా పోయేది విటమిన్ సి, దానితోపాటు కొంత ఫోలేటు అనే బి విటమిన్. అది పోతే పోయిందిలే అనుకోవడానికి వీల్లేని కారణం ఒకటుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే పదిమందిలో దాదాపు ఆరుగురు. వాళ్లందరికీ ఆకుకూరలు తినమని చెబుతూనే ఉన్నాం. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. పొద్దున కోసినప్పుడు ఆకులో ఆ రెండూ కలిసే ఉన్నాయి. దారిలో ఒకదాన్ని ఎండకు వదిలేసి, రెండోదాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుంటున్నాం. దింపాక కూర మీద నిమ్మకాయ పిండే అలవాటున్న ఇల్లు ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చుకుంటోంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. గొప్ప పని అది. వంద గ్రాముల మునగాకులో ఎంత, తోటకూరలో ఎంత అని మనం చెప్పుకునే అంకెలు అలాంటి పట్టికల్లోనివే. అయితే ఆ అంకె తాజా ఆకుది. కోసిన తొమ్మిది గంటలకు, ఎండలో మగ్గి నా బాణలిలోకి వచ్చిన ఆకుకు కూడా అదే అంకె చెప్పుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

నష్టం లెక్కలు వేసేటప్పుడూ ఇదే లోటు. కోత తర్వాత పంట సంరక్షణపై పనిచేసే లూధియానాలోని కేంద్ర సంస్థ సిఫెట్ 2015 అధ్యయనంలో పండ్లు, కూరగాయలు రకాన్ని బట్టి 4.58 నుంచి 15.88 శాతం దాకా నష్టపోతున్నాయని తేలింది. ఆ 15.88 జామకాయది. నారింజ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ విటమిన్ సి ఉన్న కాయ, మన పేదవాడి పండు, అన్నింటికన్నా ఎక్కువగా పాడైపోతున్నది అదే. పైగా ఇది కుళ్లి, చితికి, తూకంలో తగ్గినదాని లెక్క మాత్రమే. తూకం అలాగే ఉండి లోపల సారం పోయినదాన్ని ఏ ఖాతాలో రాస్తున్నాం?

కొనేవాళ్లం మనమూ రంగునే కొంటున్నాం. మామిడి కథ మీకందరికీ తెలుసు. ముదరని కాయను కోసి కార్బైడ్ పొట్లం పెడితే తొక్క పసుపుపచ్చగా మారుతుంది, లోపల కండ పుల్లగా, పాలిపోయి ఉంటుంది. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయని కార్బైడ్‌ను నిషేధించారు, సరే. ఎథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు, అంటే గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాల దాకా, అనుమతించారు, అదీ సరే, పండు తనంతట తాను వదిలే వాయువే అది. కానీ చెట్టు మీద ముదరని కాయను ఏ వాయువు పెట్టినా మంచి పండు కాదు. ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ, ఎందుకంటే సీజన్ మొదట్లో పసుపుపచ్చగా మెరిసే కాయకు మనమే ఎక్కువ ధర ఇస్తాం.

అలాగని చలి అన్నింటికీ మందు కాదు. టమాటాకు అతి వేడీ పడదు, అతి చలీ పడదు. దానికి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం 30 డిగ్రీలు దాటితే సరిగా తయారవదు. ఎండాకాలం కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోవడం అందుకే. అలాగే దోర టమాటాలను ఫ్రిజ్‌లో పెడితే అవి సరిగా పండవు. పండిన టమాటాలను 5 డిగ్రీల చలిలో వారం ఉంచితే వాసన, రుచి ఇచ్చే పదార్థాలు తగ్గిపోతాయని 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. దోర కాయలను గట్టు మీద బుట్టలో వదిలేయండి, ఆకులను మాత్రం వెంటనే చల్లగా పెట్టండి.

వంటింటి సంగతి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే ఇది నన్ను బాగా బాధపెడుతుంది. పాలకూర పచ్చగా కనిపించాలని ఉడికేటప్పుడు చిటికెడు వంటసోడా వేస్తారు. పచ్చదనం నిలుస్తుంది. విటమిన్ సి పోతుంది. మళ్లీ రంగు కోసమే! తరిగిన ఆకును నీళ్లలో నానబెట్టడమూ అంతే, కరిగేవన్నీ ఆ నీళ్లతో పాటు తూములో పోతాయి. మా అమ్మ ముందు కడిగి తర్వాతే తరిగేది, మూతపెట్టి ఉడికించేది, నూనెలో తాలింపు పెట్టేది. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మునగాకు, కరివేపాకు పొడుల కోసం ఆకును నీడపట్టున ఆరబెట్టేది, ఎండలో వేస్తే ఊరుకునేది కాదు. ఇప్పుడు పెరటి మునగను కొట్టేసి, మునగాకు పొడిని గొట్టం మాత్రల్లో నింపి అమ్మితే కొంటున్నాం.

కోట్ల రూపాయల శీతల గిడ్డంగులు వచ్చేదాకా ఆగాలా అంటే అక్కర్లేదు. ఢిల్లీ పూసాలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లోనే కరెంటు అవసరం లేని చల్లని గది తయారుచేశారు. ఇటుకలతో రెండు వరసల గోడ, మధ్య జానెడు కన్నా తక్కువ ఖాళీ, అందులో ఇసుక, ఇసుకకు రోజూ నీళ్లు, పైన తడిపిన కప్పు. కుండలో నీళ్లు చల్లబడినట్టే లోపలంతా చల్లబడుతుంది. పొడిగా ఉండే వేసవిలో బయటి కన్నా పది డిగ్రీలకు పైగా తగ్గుతుంది, లోపల తేమ నిలుస్తుంది. కోస్తా ఉక్కపోతలో అంత పనిచేయకపోవచ్చు గానీ, రాయలసీమకు, తెలంగాణకు చక్కగా సరిపోతుంది. ఊరి మేస్త్రీ ఒక పూటలో కట్టగలడు. 1999లో రైతుబజార్లు మొదలయ్యాయి. ఇన్నేళ్లలో ప్రతి బజారులో ఆకుకూరల వరస పక్కన ఇలాంటివి రెండు కట్టించలేకపోయామా? అదీ చేయలేకపోతే, ఉల్లిపాయలు బయట పెట్టించి ఆ షెడ్డు నీడ ఆకుకూరలకు ఇవ్వలేమా? ఉల్లికి కావలసింది గాలి, పొడిదనం. ఆకుకు కావలసింది నీడ, తడి. పైన ఒక రేకు, చుట్టూ గాలి ఉంటే ఉల్లి వారాలు నిలుస్తుంది.

ఆ రోజు ఆ పెద్దమ్మ దగ్గర నాలుగు కట్టలు తీసుకున్నాను. ఇంటికి రాగానే నారలు తెంపి, ఆకులు విడదీసి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. వాటిలో ఎంత మిగిలిందో నాకు తెలిసే దారి లేదు.

మీ ఊరి రైతుబజారులో ఆకుకూరల వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో, పదకొండు గంటలకు అక్కడ నీడ ఉందో లేదో చూసి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఆ ఫొటోలన్నీ కలిపి మార్కెటింగ్ శాఖకు అర్జీ రాసే పని నేను చేస్తాను.