బొగ్గుతో ఫ్లోరైడ్ పోతుందంటే ముందు అడగాల్సింది: ఏ నీళ్లతో టెస్ట్ చేశారు?

కొబ్బరి చిప్పలు, చింతగింజలు, వేపాకు, ఏదో ఒకటి కాల్చి బొగ్గు చేసి దాంతో నీళ్లల్లో ఫ్లోరైడ్ తీసేశామని వార్తలు వస్తూనే ఉంటాయి. చెట్టు నుంచి వచ్చింది, ఖర్చు తక్కువ, ఇంకేం కావాలి అనిపిస్తుంది. నేనైతే ఎంత శాతం పోయిందో చూసే ముందు ఏ నీళ్లతో టెస్ట్ చేశారో చూస్తాను.

చాలా ప్రయోగాల్లో డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి, యాసిడ్ వేసి పీహెచ్ (నీళ్లు పులుపువైపా క్షారంవైపా చెప్పే కొలత, 7 అయితే మధ్యస్థం) బాగా తగ్గిస్తారు, అప్పుడు బొగ్గు పైభాగానికి పాజిటివ్ చార్జ్ వస్తుంది, ఫ్లోరైడ్ నెగటివ్ అయాన్ కాబట్టి వచ్చి అతుక్కుంటుంది. కానీ ఫ్లోరైడ్ ఎక్కువుండే బోరు నీళ్లు సాధారణంగా ఇలా ఉండవు. కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ, పీహెచ్ 7 దాటి ఉంటుంది. ఆ నీళ్లల్లో మామూలు బొగ్గు పెద్దగా పనిచేయదు, పైగా ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ నీటి అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, దాన్ని లాగడం కష్టం.

ఎముకల బొగ్గు సంగతి వేరు, అందులో హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఖనిజం ఉంటుంది, అది ఫ్లోరైడ్‌ని తనలో కలిపేసుకుంటుంది. చెట్ల బొగ్గులో అది లేదు. అందుకే దానికి అల్యూమినియమో, జిర్కోనియమో, కాల్షియమో పట్టించాలి. అసలు పని చేసేది ఆ పూత, బొగ్గు దాన్ని మోసే సన్న రంధ్రాల ఇల్లు మాత్రమే. ఈ దారిలో పరిశోధన జరగాలని గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే ఆర్ఓ లాగా సగం నీళ్లు పారబోయక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. కాకపోతే పూతలోని అల్యూమినియం తాగే నీళ్లల్లోకి దిగుతోందా అన్నది కూడా చూడాలి, రిపోర్టుల్లో ఆ లెక్క ఉండి తీరాలి.

నాకు భయమేసేది ఉత్త బొగ్గు ఫిల్టర్లే. బొగ్గు వాసన తీసేస్తుంది, రంగు తీసేస్తుంది, నీళ్లు రుచిగా అనిపిస్తాయి, ఇంట్లో వాళ్లు నిశ్చింతగా పిల్లలకి పట్టేస్తారు, ఫ్లోరైడ్‌కి రంగూ వాసనా లేవు కాబట్టి అది అలాగే ఉన్నా తెలీదు, కాచినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పళ్ల మీద మచ్చలు వచ్చాక, కీళ్లు బిగుసుకుపోయాక తెలిసి ఏం లాభం?

తాగే నీళ్లల్లో ఫ్లోరైడ్‌కి డబ్ల్యూహెచ్ఓ సూచించిన పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు దాని కిందకి దిగితే చాలదు, పూత నిండిపోయాక మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ఇచ్చేవాళ్లు ఫిల్టర్‌తో పాటు టెస్ట్ కిట్ కూడా ఇవ్వాలి, జిర్కోనియం, ఒక రంగు పదార్థం కలిపిన ఎర్రటి ద్రావణం కొన్ని చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ ఎక్కువున్న కొద్దీ ఆ ఎరుపు వెలిసిపోతుంది, చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పగలరు. ఎన్ని లీటర్లకి మార్చాలో, వాడేసిన బొగ్గు ఎక్కడ పారేయాలో కూడా మొదటి రోజే చెప్పాలి.