చించిల్లాను వేరే ఇంటికి ఇవ్వాలా? ముందు గదిలో థర్మామీటర్ పెట్టండి

"మా చించిల్లాను ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం" అని ఎవరైనా అడగడం ఆలస్యం, సగంమంది "పెంచలేనప్పుడు ఎందుకు తెచ్చుకున్నారు" అని తిట్టిపోస్తారు, మిగతా సగంమంది "సాయంత్రం వచ్చి తీసుకెళ్తాం" అంటారు. ఈ రెండింటివల్లా దట్టమైన బొచ్చున్న ఆ ఎలుకజాతి పెంపుడు జీవికి ఒరిగేదేమీ లేదు. దానికి కావలసిన చల్లదనం, దాన్ని చూడగల వెటర్నరీ డాక్టరు మీకు అందుబాటులో ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. మీ ప్రేమ ఎంతో తేల్చే పని ఎవరికీ లేదు.

చించిల్లా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల చల్లని, పొడి గాలికి అలవాటుపడిన జంతువు. ఒక్కో రోమకూపం నుంచి యాభై అరవై దాకా వెంట్రుకలు మొలుస్తాయి, పైగా దానికి చెమట పట్టదు. గది 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. 25 దాటాక ఇబ్బంది మొదలవుతుంది, తేమ కూడా ఎక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది. "ఫ్యాన్ వేస్తున్నాం కదా" అనేవాళ్ళకు ఒకటే మాట: చెమటే పట్టని ఒంటిని ఫ్యాన్ గాలి చల్లబరచదు. చెవులు ఎర్రబడి, పక్కకు ఒరిగి, నోట్లోంచి చొంగ కారుతుంటే అది వడదెబ్బ. పంజరం ఎత్తులోనే థర్మామీటర్, తేమ మీటర్ పెట్టి ఒక వారం మధ్యాహ్నమూ రాత్రీ రాసిపెట్టుకోండి. వేడి నెలల్లో ఏసీ రోజంతా నడపలేకపోతే, కరెంటు పోయినప్పుడు వేరే దారి లేకపోతే, ఇంకొకరికి ఇవ్వడానికి ఆ ఒక్క కారణం చాలు. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి అది పొర్లే దుమ్ము స్నానం పొడికీ, ఎండుగడ్డికీ ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ముదురుతుంటే అదీ అంతే.

కానీ "ఒళ్ళోకి రాదు", "రాత్రంతా గోల" అని ఇచ్చేయడం నాకు మింగుడుపడదు. అది రాత్రి తిరిగే జంతువు. పంజరం పడకగదిలోంచి తీసేయండి. గలగలలాడే చిన్న చక్రం బదులు సందుల్లేని, 15 అంగుళాల లోహపు చక్రం పెట్టండి. ఊచలు కొరుకుతుంటే మందు కొట్టని యాపిల్ కొమ్మలు వేయండి, ఎక్కి దూకడానికి చెక్క మెట్లు పెంచండి. కరుస్తోందా? పైనుంచి చెయ్యి దించితే అది గద్ద వచ్చిందనుకుంటుంది. సాయంత్రాలు నేలమీద కూర్చుని దాన్నే మీ దగ్గరికి రానివ్వండి. ఇవన్నీ చేసి రెండు మూడు నెలలు చూశాక మాట్లాడుకుందాం.

ఉన్నట్టుండి చిరాకుగా మారిందంటే ముందు పళ్ళు చూపించండి. వీటి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వేర్లు లోపలికి దిగితే బయటికి కనిపించదు, ఎక్స్‌రే తీయాల్సిందే. వారానికోసారి వంటింటి తూకం మీద గ్రాముల్లో బరువు చూడండి. బరువు వరసగా తగ్గుతోందా, గడ్డం తడిగా ఉంటోందా, గడ్డి వదిలేసి పెల్లెట్లే (గుళికల మేత) తింటోందా, కన్ను కారుతోందా గమనించండి. ఇవి దాచిపెట్టి ఇంకొకరికి అంటగట్టడం మోసం. చించిల్లాలను చూడగల డాక్టరు అందుబాటులో లేకపోతే, అటువంటి డాక్టరున్న ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇవ్వడమే మేలు.

ఇవ్వాలని తేలాక తొందరపడకండి. వేడి కాలంలో గదిలో వేడి ఎంత ఉంటుంది, ఏ డాక్టరుకు చూపిస్తారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడగండి, పంజరం ఫోటో చూడండి. "పిల్లాడి పుట్టినరోజుకి" అన్నవాళ్ళకు వద్దనేయండి. ఇది పది నుంచి ఇరవై ఏళ్ళు బతికే జీవి, ఆ పిల్లాడు పెద్దవాడై వెళ్ళిపోయినా ఇది ఇంట్లోనే ఉంటుంది. కలిసిమెలిసి ఉన్న జంటను విడదీయొద్దు. ఆడా మగా కలిసి ఉంటే కడుపుతో ఉండొచ్చని చెప్పండి: గర్భం దాదాపు 111 రోజులు, ఈనిన వెంటనే మళ్ళీ చూలు కట్టగలదు.

పాత పంజరం, అందులోని మెట్లు కడగకుండానే పంపండి, దాని వాసనే దానికి ధైర్యం. అదే గడ్డి, అవే పెల్లెట్లు రెండు మూడు వారాలకు సరిపడా ఇవ్వండి, బరువు రాసిన కాగితం కూడా. గట్టి పెట్టెలో గడ్డి వేసి తెల్లవారుజామున తీసుకెళ్ళండి. కొత్త ఇంట్లో మొదటి వారం ఎత్తుకోకూడదు. పెంటికలు ఎన్ని వేస్తోందో రోజూ చూడాలి. పన్నెండు గంటలు తిండీ పెంటికలూ లేకపోతే పేగు ఆగిపోయిందని అనుమానించి ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అక్కడ ముందే చించిల్లా ఉంటే కొన్ని వారాలు వేరే గదిలో, ఆ తర్వాత పక్కపక్క పంజరాల్లో ఉంచాకే కలపాలి, లేకపోతే చంపుకునేంత పోట్లాడుకుంటాయి. కుదరకపోతే మూడో మనిషికి కాకుండా మీకే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి.