గర్భిణిని పనిలోంచి తీసేస్తే ‘రెండేళ్ల జీతం’ ఖాయమా?

వాట్సాప్‌లో ఈ మెసేజ్ మన వరంగల్ మహిళల గ్రూపులన్నీ చుట్టేస్తోంది: “గర్భవతి అని పనిలోంచి తీసేస్తే రెండేళ్ల జీతం ఖాయం. రోజు కూలోళ్లకు మాత్రం ఏం రాదు. కేసు ఎప్పుడైనా వేయొచ్చు.” మూడూ తప్పే. కార్మిక సంఘంలో ఇలాంటి లెక్కలు రాసిపెట్టేదాన్ని కాబట్టి చెప్తున్నా.

ముందు కూలోళ్ల మాట. ఎక్కువ నష్టం చేసేది అదే. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ (రోజువారీ హాజరు పట్టీ) మీద పనిచేసే మహిళల కేసులో, రోజు కూలీలకూ ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. పది మందికి తగ్గకుండా పనిచేసే చోట, ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉన్నదీ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నదీ ఇదే.

ఎనుమాముల దిక్కు ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తుండగా గర్భవతని తీసేసిన చెల్లె మా దగ్గరికి వచ్చింది. ఆర్డర్ కాగితం లేదు, హాజరు పట్టీ మిల్లోళ్ల దగ్గరే ఉంది. “అక్కా, నా దగ్గర ఇదొక్కటే ఉంది” అంటూ గోడ క్యాలెండర్ చుట్టి తెచ్చింది. పనికి పోయిన ప్రతి తారీఖు మీద పెన్ను గీత, పక్కన అందిన కూలి. కూర్చొని లెక్కపెడితే 143 గీతలు!

ఇక రెండేళ్ల జీతం. అలాంటి అచ్చు లెక్క ఏ చట్టంలోనూ లేదు, పద్దు పద్దుకీ విడిగా లెక్క కట్టాలి. ఆమె కూలి రోజుకు 450. జీతంతో ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు (ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే). “ఆదివారం కూలి లేదు కదా” అని మిల్లోళ్లు 156 రోజులకే 70,200 అని లెక్క కట్టారు. ఆదివారాలూ కలపాలని 1977లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అలా లెక్క కడితే 81,900. కాన్పు వైద్యాన్ని యజమాని ఉచితంగా చూపించకపోతే ఇంకో 3,500. కూలిలో ఈఎస్‌ఐ కోస్తున్నట్టయితే ప్రసూతి డబ్బు అక్కడి నుంచే వస్తుంది.

పని పోయిన నెలల కూలి వేరే పద్దు. తొలగింపు అక్రమమైతే తిరిగి తీసుకొని బకాయి జీతం ఇవ్వడమే మామూలు పద్ధతని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయితే ఆ మధ్యకాలంలో వేరే సంపాదన లేదని ఆమె చెప్పుకోవాలి, ఉంటే మొత్తం తగ్గొచ్చు.

గడువు కూడా ఉంది: తీసేశామని తెలియజేసిన నాటి నుంచి 60 రోజుల్లో అప్పీలు చేయాలి. ఆ చెల్లె మెసేజ్ నమ్మి కాన్పయ్యాక చూద్దామనుకుంది. అత్త పట్టుబట్టి 53వ రోజున తీసుకొచ్చింది. మర్నాడే క్యాలెండర్ జిరాక్సులు జతచేసి అప్పీలు పెట్టాం.