వీడియో వైరలైతేనే విమానమా?

సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో అర్జీల క్యూ చూస్తే గల్ఫ్‌లో చిక్కుకున్న భార్య కోసం వచ్చిన భర్తను ఇట్టే గుర్తుపట్టవచ్చు. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో భార్య పాస్‌పోర్టు జిరాక్స్, ఫోన్లో ఆమె పంపిన వాయిస్ మెసేజ్. అసలు పాస్‌పోర్టు కువైట్‌లో కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉంటుంది. అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు. తర్వాత ఆ కాగితం ఏ ఆఫీసుకు పోయిందో ఆయనకు చెప్పే నాథుడుండడు. అదే ఆమె ఏడుస్తూ తీసిన సెల్ఫీ వీడియో నాలుగు ఊళ్లు తిరిగిందంటే ఎమ్మెల్యే నుంచి మంత్రి దాకా అందరూ స్పందిస్తారు. మంచిదే. మరి వీడియో తీయడం రాని మనిషి మాటేమిటి?

ఏర్పాట్లు లేక కాదు. 2009లో కేంద్రం పెట్టిన సంక్షేమ నిధి మన రాయబార కార్యాలయాల దగ్గర ఉంది. చిక్కుకుపోయినవారికి తలదాచుకునే చోటు, తిండి, లాయర్ ఖర్చు, విమాన టికెట్, చనిపోతే మృతదేహం తరలింపు... అన్నీ అందులోంచి ఇవ్వొచ్చు. ఆ డబ్బు సర్కారు దానమేమీ కాదు. ఎంబసీలో పాస్‌పోర్టు రెన్యువల్ వంటి పనులకు వెళ్లినవారి నుంచి ఫీజుతోపాటు తీసుకున్న సొమ్మే. పరాయి ఇంట్లో అంట్లు తోమినవాళ్ల డబ్బుతో వాళ్లకు టికెట్ కొనడానికి ఇన్ని సిఫార్సులా?

1990లో కువైట్ నుంచి లక్షన్నరకు పైగా జనాన్ని తెచ్చిన దేశం మనది. 2015లో యెమెన్, 2023లో సూడాన్ నుంచీ తెచ్చాం. యుద్ధమొస్తే కదిలే యంత్రాంగం, కష్టం ఒక్కరికే వస్తే కదలదు.

ఏజెంట్ల సంగతీ చెప్పాలి. పదో తరగతి పాసవనివారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (సర్కారు ముందస్తు అనుమతి) ఉండాలి. ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. ఇవన్నీ తప్పించుకోవడానికి విజిట్ వీసా చేతిలో పెట్టి పంపేస్తారు. విదేశీ పనికి వెళ్లేవారిని నమోదు చేసే సర్కారు పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో పేరుండదు, రూ.10 లక్షల బీమా ఉండదు. మోసపోయింది ఆమె, రికార్డుల్లో లేనిదీ ఆమే. ఆ కారణంతో సాయం ఆపడం మాత్రం అన్యాయం.

తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలో గల్ఫ్ అర్జీలకు ఒక ప్రత్యేక ఉద్యోగిని కూర్చోబెట్టాలి. అర్జీని అదే రోజు విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ మదద్‌లో నమోదు చేసి, నంబరు ఆ భర్త చేతిలో పెట్టాలి. పంపిన ఏజెంటుపై ఆమె తిరిగొచ్చేదాకా ఆగకుండా అక్కడే ఫిర్యాదు రాయించాలి. చెన్నై ఎయిర్‌పోర్టులో ఒట్టి చేతులతో దిగే ఆమెకు ఊరిదాకా బస్సు చార్జీ కూడా ఈ లెక్కలోనే చేర్చాలి.