ఆషాఢంలో లప్పం, శ్రావణంలో బేరం

హైదరాబాదులో పాత ఫ్లాటు అమ్మదలచిన గృహస్థుడు ముందుగా లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, వెతుక్కోవాలని, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకోవాలని న్యాయవాదులు చెబుతుంటారు. వారికి లోకం తెలియదు. ముందుగా చేయవలసింది రంగులు వేయించడం. సోఫాకు సరిగ్గా పైన, ఇంటిల్లిపాదీ తలలు ఆనించి ఆనించి తీర్చిదిద్దిన కొబ్బరినూనె మరకను ఏళ్ల తరబడి చూస్తూ కాపురం చేసి, 'ఈ దసరాకైనా రంగులు వేయిద్దామండీ' అని ఇల్లాలు అడిగినప్పుడల్లా 'ఇప్పుడంత ఖర్చు దేనికి?' అని కసిరిన యజమానే, ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారు కోసం గోడను నునుపు చేసే లప్పం (పుట్టీ) రెండు పూతలు, ఒక పూత ప్రైమరు, ఆపైన రెండు పూతల ఎమల్షను మారుమాట లేకుండా ఒప్పుకుంటాడు. పరోపకారార్థమిదం శరీరమన్న పెద్దలు గోడల సంగతి చెప్పడం మరిచిపోయారు.

ఈ మహాకార్యానికి మనవారు ఎంచుకున్న కాలం కూడా శాస్త్రీయమైనదే. ఆషాఢంలో ఇల్లు కొనేవారుండరు, గృహప్రవేశాలుండవు. శ్రావణం రాగానే బేరాలు ఊపందుకుంటాయి కనుక, ఖాళీగా ఉన్న ఆ నెలలోనే గోడలను సింగారించాలి. ఆ నెలలోనే నైరుతి రుతుపవనాలు నగరాన్ని తడిపి ముద్ద చేస్తుంటాయన్నది అప్రధానమైన విషయం. గోడలో చెమ్మ ఉండగా రంగు వేస్తే లోపలి నీరు బయటికి వచ్చే దారిలో ఉప్పును వెంటబెట్టుకొచ్చి, పూతను పొక్కులుగా లేపి, చివరికి పెచ్చులుగా రాలుస్తుందని పెయింటర్లకు తెలుసు. మల్కాజిగిరిలో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇంట్లో పెయింటరు బెడ్రూము గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, "పైవాళ్ల బాత్రూము లీకేజీ ఆపకుండ రంగేస్తె మూడు నెలల్ల మళ్ల ఉబ్బుతది సార్" అని నిజాయితీగా హెచ్చరించాడు. "మూడు నెలలు చాలయ్యా" అన్నాడు పెద్దమనిషి, అంతకన్నా నిజాయితీగా.

రంగుల ఎంపికలో చర్చకు తావు లేదు. హాలుకు చిలకపచ్చ, పడకగదికి గులాబీ అని ఎవరి ముచ్చట వారు తీర్చుకున్న రోజులు పోయాయి. అమ్మే ఇల్లు ఎవరిదీ కానట్టుండాలి కనుక అంతటా మీగడ తెలుపే. లప్పానికి చరిత్రను సరిదిద్దే శక్తి కూడా ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు మునిగిన కాలనీలలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో గోడల మీది గీతలు చాన్నాళ్లు సాక్ష్యం చెప్పాయి. గరుకు కాగితం పట్టి, లప్పం పూసిన చోట ఆ వాన అసలు కురవనే లేదు.

కొనేవారు మాత్రం తక్కువ తిన్నారా? కొత్త పెయింటు వాసన తగలగానే వారికి అనుమానం పుడుతుంది. అందుకే యజమాని ముందుగానే సాంబ్రాణి వేసి ఉంచుతాడు. వారి వెంట అనుభవజ్ఞుడైన పెదనాన్న ఒకరు తప్పనిసరిగా వస్తారు. ఆయన గోడలను వేలి కణుపులతో తట్టి, బీరువా వెనక్కి తొంగిచూసి, బాత్రూము పైకప్పు కింద నిలబడి దీర్ఘంగా నిట్టూరుస్తారు. ఇంతటి పరిశోధకుడు కూడా ఒక్కచోట ఓడిపోతాడు: చెమ్మ ఉన్న చోటును కచ్చితంగా కప్పుతూ వేంకటేశ్వరస్వామి నిలువెత్తు పటం ఉంటుంది. స్వామిని పక్కకు జరిపి గోడ చూపించమని అడిగే పెదనాన్న ఈ గడ్డ మీద ఇంకా పుట్టలేదు.

ప్రభుత్వానికి ఈ కళ పట్ల బొత్తిగా ఆదరణ లేకపోవడం విచారకరం. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ కట్టేటప్పుడు ప్రాంతం చూస్తుంది, విస్తీర్ణం చూస్తుంది, గోడ రంగు చూడదు. ఈసీలో పాత క్రయవిక్రయాలు, తనఖాలు కనబడతాయి గాని లప్పం కింద ఏముందో కనబడదు. నిజానికి ఖజానాకు ఇందులో లాభమే ఉంది: స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, వెరసి 7.5 శాతం చొప్పున, రంగు పుణ్యమా అని ధర లక్ష పెరిగితే 7,500 రూపాయలు సర్కారుకే చేరతాయి. దస్తావేజులో అసలు ధర రాసే అమాయకులు దొరకాలి, అంతే.

ఇంత శ్రమపడి వేయించిన రంగు ఆయుష్షు ఎంత? కొన్నవారు గృహప్రవేశానికి ముందే, వాస్తు పండితుడు సూచించిన రంగుల కోసం దాన్నంతా గీకించేస్తారు. మల్కాజిగిరి ఫ్లాటు విషయంలోనూ అదే జరగబోతోంది. రిజిస్ట్రేషన్ నాడు ఒక సాక్షి తగ్గాడని ఆ పెద్దమనిషి పెయింటరునే పిలిపించాడట. అతను శ్రద్ధగా సంతకం పెట్టి, బయటికి రాగానే కొత్త యజమాని చేతిలో తన ఫోను నంబరు పెట్టి, "ఆ బెడ్రూము గోడ సంగతి నాకెరుకే సార్, నాకే చెప్పుండ్రి" అన్నాడట.